ఓడ టికెట్టు ఎప్పుడు కొంటే గిట్టుబాటు?

ఈ నెల ఉత్తరాల్లో ఓడ ప్రయాణాల గురించి అడిగినవాళ్లు ఎక్కువ. రేటు ఇవాళ ఒకటుంటే వారానికి ఇంకొకటి ఉంటోంది, కొనాలో ఆగాలో తేలడం లేదు అన్నది అందరి గొడవ. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులు ఇస్తున్నాం. పాపికొండల లాంచీ గురించి అడిగిన ఉత్తరానికి కూడా చివర్లో జవాబుంది.

ప్రశ్న (పాలకొల్లు): నేను, మా ఆవిడ, పదిహేనేళ్ల అమ్మాయి, పదకొండేళ్ల అబ్బాయి. సంక్రాంతి సెలవుల్లో ముంబై నుంచి గోవా, లక్షద్వీప్ వైపు వెళ్లే ఓడ ఎక్కాలని పిల్లల ఆశ. మూడు వారాలుగా నెట్‌లో చూస్తున్నాం. రేటు సోమవారం ఒకటుంటే శుక్రవారానికి మారిపోతోంది. ఇంకా తగ్గుతుందని ఆగమంటారా, తీసేసుకోమంటారా?

జవాబు: నలుగురూ ఒకే గదిలో ఉండాలనుకుంటే తీసేసుకోండి. ఇద్దరే అయితే ఇంకో మాట చెప్పేవాళ్లం.

ఓడ రేవు వదిలాక ఖాళీగా మిగిలిన గదికి విలువ లేదు. సాయంత్రానికి గంపలో మిగిలిపోయిన చేపలాంటిదది. అందుకని ఏ తేదీ ఓడకు ఎన్ని రోజుల ముందు ఎన్ని గదులు నిండాలో కంపెనీ ముందే అంచనా వేసుకుంటుంది. అంచనాకంటే ముందే నిండుతుంటే రేటు పెంచుతుంది, వెనకబడితే తగ్గిస్తుంది. ఒక్కోసారి రేటు ముట్టుకోకుండా ‘పిల్లలకు ఉచితం’ అనో, ఓడలో ఖర్చు పెట్టుకోవడానికి కొంత డబ్బు అనో తగిలిస్తుంది. మీరు చూసిన సోమవారం, శుక్రవారం తేడా ఇదే. అందులో ముహూర్తమేమీ లేదు, ఫలానా వారం కొంటే చవక అన్నదాన్ని నమ్మకండి.

ఓడలో ముందుగా అయిపోయేవి రెండు చివరలు: అన్నిటికంటే చవకైన, కిటికీ లేని ఇన్‌సైడ్ గదులు ఒకటి, బాగా ఖరీదైన, విశాలమైన ‘సూట్’ గదులు రెండోది. మధ్యలో ఉండే ఓషన్ వ్యూ (సముద్రం కనబడే కిటికీ ఉన్నవి), బాల్కనీ గదులే ఎక్కువ కాలం మిగులుతాయి. రేటు కిందికీ పైకీ ఆడేది కూడా వీటిలోనే.

మీ ఇబ్బంది వేరే ఉంది. నలుగురు పట్టే గదులు ఓడలో కొన్నే ఉంటాయి. వాటిలో కింద రెండు పడకలు, పైన గోడకో కప్పుకో మడిచి ఉండే రెండు పడకలు. పైగా ప్రతి గదివాళ్లూ ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో, ఏ లైఫ్‌బోటు ఎక్కాలో ముందే కేటాయించి ఉంటుంది. ఆ బోటుకు మనుషుల లెక్క నిండితే పై పడకలు ఖాళీగా ఉన్నా అమ్మరు. అందుకే సైటులో ఇద్దరికి చూస్తే గది కనబడుతుంది, నలుగురికి కొడితే లేదంటుంది. చివరి నెలలో రేటు తగ్గినా, తగ్గేది ఇద్దరి గదులకే. అప్పుడు మీరు రెండు గదులు తీసుకోవాలి, ఆదా అనుకున్నది అక్కడే పోతుంది.

తేదీ విషయంలో మాత్రం మీకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. సంక్రాంతికి వారం పైన సెలవులు మనకే. ముంబై బడులు అప్పుడు నడుస్తుంటాయి. ముంబై ఓడకు గిరాకీ దీపావళికి, క్రిస్మస్ నుంచి జనవరి 1 దాకా, తర్వాత రిపబ్లిక్ డే పక్కన పడే శని, ఆదివారాలకు. జనవరి రెండు, మూడు వారాల్లో సోమ, మంగళవారాల్లో బయల్దేరే ఓడ చూడండి. శుక్రవారం బయల్దేరేదానికంటే సాధారణంగా చవగ్గా ఉంటుంది. ఎక్కడి ఓడకైనా ఇదే లెక్క: మన సెలవులు కాదు, ఓడ బయల్దేరే ఊరివాళ్ల సెలవులు చూడాలి.

ఇక సైటు మొదటి పేజీలో ‘ఇంత నుంచి’ అని పెద్ద అక్షరాలతో కనబడే రేటు పట్టుకుని లెక్కలు కట్టకండి. అది అన్నిటికంటే చవకైన తేదీకి, చవకైన గదికి, గదిలో ఇద్దరుంటే ఒక్కరికి పడే రేటు. నలుగురి వయసులూ కొట్టి, డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లి, అక్కడ కనబడే మొత్తం చూసి వెనక్కి రండి. లెక్క కోసం ఒక ఉదాహరణ అనుకుందాం, మూడు రాత్రుల ఓడ. మొదటి ఓడలో తొలి ఇద్దరికి మనిషికి 22,000. మూడో, నాలుగో మనిషికి 14,000. గది అద్దె 72,000 అయింది. రేవు ఛార్జీలు, సిబ్బంది టిప్పులు కలిపి మనిషికి 4,500 చొప్పున 18,000. మొత్తం 90,000 మీద పన్ను 5 శాతం అనుకుంటే 94,500. రెండో ఓడ పైకి చవక, మనిషికి 20,000. కానీ మూడో, నాలుగో మనిషికి తగ్గింపు లేదు. 80,000, మీద 18,000, పన్నుతో 1,02,900. చవక అనుకున్నది 8,400 ఎక్కువ తేలింది. మొత్తాన్ని మనుషులతో, రాత్రులతో భాగిస్తే మొదటిది మనిషికి రాత్రికి 7,875, రెండోది 8,575. రెండు ఓడల్ని పోల్చాల్సింది ఈ ఆఖరి అంకెతోనే.

ఒక నోటుబుక్కు పెట్టి వారానికొకసారి రాసుకోండి: చూసిన తేదీ, గది రకం, నలుగురికీ మొత్తం, ఏమేం కలిపారు, రద్దు షరతు. నాలుగైదు వారాలు రాస్తే ఆ ఓడ నిండుతోందో లేదో అంకెలే చెబుతాయి. వరుసగా రెండు వారాలు పెరిగితే ఇక ఆగకండి.

ఇంకొకటి. లక్షద్వీప్ రేవుల్లో పెద్ద ఓడ ఒడ్డుకు రాలేదు. దూరంగా ఆగి, చిన్న పడవల్లో జనాన్ని దింపుతారు. అల ఎక్కువగా ఉంటే ఆ మజిలీ మానేసి సముద్రంలోనే తిరుగుతారు, దానికి పూర్తి డబ్బు వెనక్కి రాదు. జనవరిలో అరేబియా సముద్రం మామూలుగా నెమ్మదిగానే ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి తీరంలో గాలీవానా కాబట్టి ముంబై ఓడ గడిచిన ఏళ్లలో ఆ నెలలకు చెన్నై వైపు వచ్చేది. అప్పుడు విశాఖ రేవుకు వచ్చిన రోజులూ ఉన్నాయి. విశాఖలో 2023లో ప్రయాణికుల ఓడల కోసం ప్రత్యేకంగా టెర్మినల్ ప్రారంభించారు. తూర్పు తీరం షెడ్యూలు వెలువడితే మన జిల్లాలవాళ్లకు ముంబై దాకా వెళ్లే ఖర్చు మిగులుతుంది, అది కూడా చూస్తూ ఉండండి.

ప్రశ్న (భీమవరం దగ్గర పల్లె): మాది రొయ్యల సాగండి. అన్నదమ్ములం, వియ్యాలవారు కలిపి పదిమందిమి సింగపూర్ నుంచి మలేషియా, థాయ్‌లాండ్ తిరిగొచ్చే ఓడ అనుకుంటున్నాం. జూన్ మధ్యలో వెళ్దామని. ఏజెంటు ఇప్పుడే మొత్తం కట్టేస్తే మనిషికి అయిదు వేలు తగ్గిస్తానంటున్నాడు. మాకు డబ్బు పట్టుబడి, అంటే చెరువులో రొయ్యలు పట్టి అమ్మడం, అయ్యాకే చేతికొస్తుంది. కట్టేయమంటారా?

జవాబు: వద్దు. ఈ బేరంలో మీకొచ్చేది 50,000. పోయేది లెక్క వేద్దాం. మనిషికి 60,000 అనుకుంటే పదిమందికి ఆరు లక్షలు. ఆ డబ్బు బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కడితే నెలకు 12,000, అయిదు నెలలకు 60,000. తగ్గింపు మొత్తం వడ్డీకే సరిపోలేదు. పదిమందిలో ఇద్దరు చివర్లో రాలేకపోతే ఆ నష్టం వేరే.

ఓడ టికెట్టుకు రెండు గడువులు ఉంటాయి. మొదట బయానా కట్టి గది పట్టుకోవడం, తర్వాత మిగతా డబ్బు కట్టాల్సిన ఆఖరు తేదీ. విదేశీ ఓడల్లో ఈ రెండో తేదీ మామూలుగా ప్రయాణానికి 75 నుంచి 120 రోజుల ముందు పడుతుంది. చిన్న ప్రయాణాలకు ఇంకా దగ్గరగా ఉండొచ్చు. మీరు పట్టుకోవాల్సిన తేదీ ఇదే, రేటు దీని తర్వాతి మాట. అప్పటిదాకా మానుకుంటే బయానా వరకే పోతుంది, కొన్ని రకాల టికెట్లలో అదీ తిరిగొస్తుంది. ఆ తేదీ దాటాక కోత మొదలవుతుంది: పావు, సగం, ముప్పావు, చివరి నెలలో మొత్తం. ఎన్ని రోజులకు ఎంత కోత అన్నది కంపెనీకీ కంపెనీకీ తేడా, ఆ పట్టిక చూడకుండా బయానా ఇవ్వకండి.

ఇప్పుడు మీ చెరువు లెక్క. వనామీ రకం రొయ్య పిల్లను ఫిబ్రవరిలో వదిలితే 100 నుంచి 120 రోజులకు పట్టుబడి, అంటే మే చివరికో జూన్‌కో డబ్బు. మధ్యలో వైట్ స్పాట్ తెగులు వస్తే ముందే పట్టేయాలి, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలన్నది) అనుకున్నట్టు రాదు. జూన్ మధ్య ఓడకు డబ్బు కట్టాల్సిన ఆఖరు తేదీ 90 రోజుల లెక్కన మార్చి మధ్య, అంటే చేతిలోది పిల్లకీ మేతకీ పోతున్న రోజులు. పైగా సింగపూర్ బళ్లకు మే చివరి నుంచి జూన్ చివరి దాకా నాలుగు వారాల సెలవులు, అక్కడి ఓడలు నిండుతాయి. మీకు రేటూ కలిసిరాదు, సొమ్మూ కలిసిరాదు.

దసరా సెలవులకు మార్చి చూడండి. అక్టోబరు 14న ఓడ అనుకుంటే 90 రోజుల ముందు తేదీ జులై 16. అప్పటికి పట్టుబడి అయి డబ్బు చేతిలో ఉంటుంది. అక్టోబరులో సింగపూర్ బళ్లకు పెద్ద సెలవుల్లేవు, మళ్లీ నవంబరు మధ్యలోనే. అక్టోబరు 1 నుంచి 7 వరకు చైనావాళ్ల సెలవులు కాబట్టి ఆ వారం వదిలేయండి, దీపావళి వారం కూడా వదిలేయండి.

ఏజెంటును అడగాల్సిన మొదటి మాట: గదులు మా పేరున కంపెనీ దగ్గర బుక్ చేస్తున్నావా, లేక నువ్వు ముందే గంపగుత్తగా కొన్న గదుల్లోంచి ఇస్తున్నావా? గంపగుత్త అయితే కంపెనీ రేటు తగ్గినా మీకు తగ్గదు, రద్దు షరతులు కూడా ఏజెంటువే. అది తప్పని కాదు. తెలుగు వంటవాడు, తోడుగా మేనేజరు ఉంటే కొందరికి అదే సుఖం. కానీ ఏది కొంటున్నామో తెలిసి కొనాలి. కంపెనీ బుకింగ్ నంబరు ఇస్తే సైటులో కొట్టి, పదిమంది పేర్లూ ఉన్నాయో లేదో మీరే చూసుకోండి.

పేర్ల దగ్గరే మనవాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. కొందరికి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. ఓడ టికెట్టు, విమానం టికెట్టు, వీసా మూడింటిలోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి. గడువు దాటాక పేరు మార్చమంటే కొన్ని చోట్ల రద్దు చేసి కొత్తగా కొన్నట్టు లెక్కేస్తారు. పాస్‌పోర్టుకు ప్రయాణం అయ్యాక కూడా ఆరు నెలల గడువు మిగలాలి. ఓడ మళ్లీ సింగపూర్‌లోనే దింపుతుంది కాబట్టి ఆ వీసా రెండోసారి లోపలికి రావడానికి పనికొచ్చేదై ఉండాలి.

విదేశీ ప్యాకేజీ మీద ఏజెంటు టీసీఎస్ (అమ్మేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) అని కొంత వసూలు చేస్తాడు. దాని శాతం బడ్జెట్లలో మారుతూ వస్తోంది, కట్టే రోజున ఎంతో అడగండి. అది ఖర్చు కాదు, మీ పాన్ మీద జమ అవుతుంది. ఆదాయపు పన్ను సైటులో మీ పేరున కనబడిందో లేదో చూసుకుని రిటర్నులో వెనక్కి తీసుకోండి. పదిమంది డబ్బూ ఒక్కరే కడితే జమ అంతా ఆ ఒక్కరి పాన్ మీదే పడుతుంది, తర్వాత పంపకాల దగ్గర మాటలు వస్తాయి. ఏ కుటుంబానికి ఆ కుటుంబం కట్టుకోవడం మేలు.

ప్రశ్న (రాజమహేంద్రవరం): బయానా కట్టిన ఇరవై రోజులకే మా ఓడ రేటు తగ్గింది. తేడా వెనక్కి వస్తుందా?

జవాబు: మిగతా డబ్బు కట్టాల్సిన ఆఖరు తేదీ దాటకపోతే చాలా కంపెనీల్లో అడిగే వీలుంది. మీ అంతట మీరు రద్దు చేసేయకండి, ముందు పోల్చండి. అదే తేదీ, అదే రకం గది, అదే రకం టికెట్టు అయ్యుండాలి. బయానా తిరిగిరాని టికెట్టు ఎప్పుడూ కొంచెం చవక, దాన్ని మీ టికెట్టుతో పోల్చకూడదు. మీకు అప్పట్లో కలిపి ఇచ్చినవి కొత్త రేటులో ఉన్నాయో లేదో చూడండి. 6,000 తగ్గి, 8,000 విలువ చేసే వైఫై, పానీయాల ప్యాకేజీ పోతే మార్చుకోవడం నష్టం. నిజంగానే తగ్గితే కొత్త మొత్తం కనబడే పేజీ ఫొటో తీసి, మీకు టికెట్టు అమ్మినవాళ్లకు అదే రోజు పంపండి. ఏజెంటు దగ్గర కొని కంపెనీకి ఫోన్ చేస్తే మళ్లీ ఏజెంటు దగ్గరికే పొమ్మంటారు. మారిస్తే కొత్త కాగితంలో బయానా జమ అయినట్టు, గది నంబరు మారనట్టు చూసుకోండి. ఆఖరు తేదీ దాటిపోతే డబ్బు రాదు గానీ, పై రకం గదికి మార్చగలరా అని మర్యాదగా అడిగి చూడొచ్చు. ఖాళీలుంటే ఇస్తారు.

ఆఖరు తేదీకి పది రోజుల ముందు ఫోనులో గుర్తు పెట్టుకోండి. మీరు ధైర్యంగా బేరం చేయగల చివరి రోజులు అవే.

ప్రశ్న (అమలాపురం): మా అబ్బాయి సియాటిల్‌లో ఉంటాడు. వచ్చే ఏడు మేమిద్దరం వెళ్లినప్పుడు అలాస్కా ఓడ ఎక్కిద్దామంటున్నాడు. మాకు అరవై దాటాయి, ఆయనకు సుగరు. లేదంటే ఫ్లోరిడా వెళ్లి కరీబియన్ ఓడ. ఎప్పుడు బుక్ చేస్తే మంచిది?

జవాబు: అలాస్కాకు ఓడలు ఏప్రిల్ చివరి నుంచి అక్టోబరు దాకానే. కాలం తక్కువ, గిరాకీ ఎక్కువ, అందరికీ బాల్కనీయే కావాలి. జూన్, జులై, ఆగస్టు అయితే ఎనిమిది నుంచి పన్నెండు నెలల ముందు పట్టుకోండి. మే మొదట్లో, సెప్టెంబరులో రేటు తగ్గుతుంది. మేలో చలి ఎక్కువ, వాన తక్కువ. సెప్టెంబరులో వాన ఎక్కువ. వానకు ఓడ ఆగదు గానీ, హెలికాప్టరు టూర్ల వంటివి రద్దవుతాయి. మీ వయసుకు మే రెండో సగం బాగుంటుందని మా అభిప్రాయం.

బయానాకంటే ముందు చూడాల్సింది వీసా. సియాటిల్ నుంచి అలాస్కా వెళ్లే పెద్ద ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండా ఓడలే. 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం అవి మధ్యలో విదేశీ రేవు ఒకటి తాకాలి. అందుకే కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి, కొన్నిసార్లు సాయంత్రం కొన్ని గంటలే. ఆ కొన్ని గంటల కోసం భారత పాస్‌పోర్టువాళ్లకు కెనడా వీసా కావాలి, ఓడ దిగకపోయినా సరే. అది లేకపోతే సియాటిల్‌లోనే ఎక్కనివ్వరు, డబ్బు వెనక్కి రాదు. అమెరికా వీసా ఎక్కువసార్లు ప్రవేశానికి పనికొచ్చేదే అయ్యుండాలి. మీ అబ్బాయిది హెచ్1బీ (ఉద్యోగ వీసా) అయి పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు దాటి ఉంటే, లాయరును అడిగాకే తన టికెట్టు తీయమనండి.

కరీబియన్‌లో తుపానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30. సెప్టెంబరు, అక్టోబరుల్లో రేట్లు బాగా పడేది అందుకే. తుపాను వస్తే ఓడ దాన్ని తప్పించుకుని వేరే రేవులకు వెళ్తుంది, మీరు కోరుకున్న దీవి పోతుంది. చవగ్గా ఉంటూ వాతావరణం కూడా బాగుండే రోజులు రెండే: డిసెంబరు మొదటి రెండు వారాలు, కొత్త సంవత్సరం హడావిడి అయ్యాక జనవరి మొదటి సగం. మార్చిలో అక్కడి పిల్లలకు సెలవులు, అప్పుడు పోకండి. జనవరి నుంచి మార్చి దాకా ఓడ కంపెనీలు ఆఫర్లు జోరుగా ప్రకటిస్తాయి. వాటిలో రేటు తగ్గేదానికంటే బయానా తగ్గించడం, ఓడలో ఖర్చుకు డబ్బు ఇవ్వడం ఎక్కువ. ఎలాగూ కొనబోయేవాళ్లకు అవి మంచివే.

సుగరుకు ఇన్సూరెన్సు బయానా కట్టిన రోజుల్లోనే తీసుకోండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు వర్తించే పాలసీయే కావాలి, ఓడ మీంచి ఆసుపత్రికి తరలించే ఖర్చు అందులో ఉండాలి. ఓడలో డాక్టరు ఉంటాడు గానీ ఫీజు డాలర్లలో. మందులు చేతిసంచిలో పెట్టుకోండి, పెద్ద పెట్టె గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది.

ప్రశ్న (రాజోలు): రిటైరైన టీచరును, ఒక్కదాన్నే వెళ్దామనుకుంటున్నాను. ఇద్దరి డబ్బు కట్టమంటున్నారు. ఇది సరైనదేనా?

జవాబు: సరైనదేనమ్మా. గది అద్దె ఇద్దరున్నట్టు లెక్కేస్తారు కాబట్టి ఒక్కరికి దాదాపు రెట్టింపు దాకా పడుతుంది. రేవు ఛార్జీలు, టిప్పులు మాత్రం ఒక్కరివే వేయాలి, అవీ రెండు వేసి ఉంటే అడగండి. కొన్ని ఓడల్లో ఒంటరి ప్రయాణికుల కోసం చిన్న గదులున్నాయి, అవి చాలా కొద్ది, ముందే అయిపోతాయి. మీకు బడి సెలవుల బాధ లేదు కాబట్టి, ఓడ నిండని తేదీల్లో ఈ రెండో మనిషి డబ్బు తగ్గించే ఆఫర్లు మీకే ఎక్కువ పనికొస్తాయి. తోటి టీచరు ఎవరైనా కలిస్తే ఇంకా మంచిది. ఒక గదికి ఇద్దరూ చెరిసగం.

ప్రశ్న (నరసాపురం): ‘గ్యారంటీ క్యాబిన్’ అని తక్కువకిస్తున్నారు. తీసుకోవచ్చా? మా అమ్మకు పడవెక్కితే కడుపులో తిప్పుతుంది.

జవాబు: గ్యారంటీ అంటే మీరు కట్టిన రకం గదో, అంతకన్నా మంచిదో దొరుకుతుందని మాత్రమే. ఎక్కడ అన్నది కంపెనీ ఇష్టం. మీ అమ్మగారితో అయితే వద్దు. ఊగు తక్కువగా ఉండేది ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో. ముందు భాగంలో, పైన ఎక్కువ. గ్యారంటీలో మిగిలేవి తరచూ ఆ ముందు గదులే, లేదా ఈత కొలను కిందివి. అక్కడ తెల్లారకముందే కుర్చీలు జరిపే చప్పుడు. తేడా కట్టి, మధ్యలో గది నంబరు ఎంచుకోండి. మందు వాంతి మొదలయ్యాక వేస్తే అంతగా పనిచేయదు, ఓడ కదలకముందే డాక్టరు చెప్పినట్టు వేయించండి.

ప్రశ్న (కాకినాడ): ఆఖరి వారంలో సగానికి సగం తగ్గిస్తారట. అలా పట్టుకుంటే లాభమే కదా?

జవాబు: ముంబైలో ఉన్నవాళ్లకు లాభం. మనకు కాదు. ఆఖరు చెల్లింపు తేదీ దాటిన వారంలో మానుకున్నవాళ్ల గదులు మళ్లీ అమ్మకానికి వస్తాయి, అప్పుడు ఒక తగ్గుదల ఉంటుంది. ప్రయాణానికి రెండు, మూడు వారాల ముందు ఇంకొకటి. మొదటిది మనం వాడుకోవచ్చు. రెండోదానికి వచ్చేసరికి రైలు, విమానం మింగేస్తాయి. రైలు రిజర్వేషను 2024 నవంబరు 1 నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు. కాకినాడ పోర్టు నుంచి ముంబై లోకమాన్య తిలక్ వెళ్లే బండి వారానికి రెండు రోజులే. మధురపూడి (రాజమహేంద్రవరం విమానాశ్రయం) నుంచి విమానం ఆఖరి వారంలో ఎంతవుతుందో మీకు తెలియంది కాదు. నలుగురి విమాన ఖర్చు పెరిగితే ఓడలో మిగిలింది గాలికి పోతుంది.

ఓడ కొన్న రోజే రైలు తెరిచే తేదీ కూడా క్యాలెండరులో రాసుకోండి. ఓడ బయల్దేరే రోజున ఊరు చేరేలా ఎప్పుడూ పెట్టుకోకండి, ముందురోజే చేరాలి. రైలు ఆలస్యమైందని ఓడ ఆగదు, డబ్బూ ఇవ్వరు. డాలర్లలో రేటున్న ఓడకు క్రెడిట్ కార్డుతో కడితే బ్యాంకు రెండు నుంచి మూడున్నర శాతం మారకపు ఛార్జీ, దాని మీద జీఎస్టీ వేస్తుంది, దాన్ని కూడా కలుపుకుని పోల్చండి.

ప్రశ్న (మండపేట): కార్తీక మాసంలో బంధువులం పాతికమందిమి పాపికొండలు వెళ్దామనుకుంటున్నాం. లాంచీ ఎప్పుడు మాట్లాడుకోవాలి? నీళ్లు ఎక్కువగా ఉంటే డబ్బు పోతుందా?

జవాబు: కార్తీకంలో ఆదివారాలు వనభోజనాలవాళ్లతో నిండిపోతాయి. సోమవారాలు పట్టిసీమ వెళ్లే భక్తులతో రేవుల దగ్గర రద్దీ. మంగళవారం నుంచి గురువారం లోపు పెట్టుకుంటే సీట్లు దొరుకుతాయి, బేరానికీ వీలుంటుంది. ఆదివారమే కావాలంటే నెల ముందు మాట్లాడుకోండి. పాతికమందికి విడి సీట్లు కొంటే రెండు లాంచీల్లో సర్దుతారు, ‘అందరూ ఒకే లాంచీలో’ అని రసీదు మీద రాయించండి.

టికెట్టులో ఏమున్నాయో విడివిడిగా అడగాలి: రాజమహేంద్రవరం నుంచి గండిపోచమ్మ రేవు దాకా బస్సు ఉందా, టిఫిను, భోజనం ఉన్నాయా, పేరంటాలపల్లి దగ్గర దింపుతారా. బస్సు లేని టికెట్టు చవగ్గా కనబడుతుంది, పాతికమందికి వ్యాన్లు మాట్లాడేసరికి సరి. ఉల్లి, వెల్లుల్లి లేని భోజనం ఎంతమందికో ముందే చెప్పండి, కార్తీకంలో వంటవాళ్లు దానికి విడిగా వండుతారు.

నీటి సంగతి. గోదావరి వరద ఎక్కువగా జులై నుంచి సెప్టెంబరు దాకా. కొన్నేళ్లు అక్టోబరులోనూ పై నుంచి నీళ్లు వస్తాయి. భద్రాచలంలో మొదటి హెచ్చరిక 43 అడుగులకు, రెండోది 48, మూడోది 53. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర 11.75, 13.75, 17.75. ఆ అంకెలు వచ్చేదాకా లాంచీలు తిప్పుతూ ఉండరు, అంతకుముందే ఆపేస్తారు. భద్రాచలం దాటిన నీరే కిందికి పాపికొండల ఇరుకులోకి వస్తుంది. అక్కడ నది సన్నబడుతుంది కాబట్టి వేగం పెరుగుతుంది, సుడులు లేస్తాయి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది వరద నీటిలోనే. అందుకని ప్రయాణానికి మూడు రోజుల ముందు నుంచి భద్రాచలం మట్టం పేపర్లో చూడండి. పెరుగుతుంటే వాయిదా వేసుకోండి, డబ్బు కోసం పట్టుబట్టకండి.

బయానా నాలుగో వంతుకు మించి ఇవ్వకండి. రసీదు మీద రెండు మాటలు ఉండాలి: అధికారులు లాంచీలు ఆపితే పూర్తి డబ్బు వాపసు, లేదా మనం కోరిన వేరే తేదీ. నోటిమాటగా అందరూ సరేనంటారు, తీరా ఆగిన రోజున ‘వచ్చే వారం రండి’ అంటారు. పాతికమందికి వచ్చే వారం కుదరడం కష్టం. 2027లో పుష్కరాలు కాబట్టి ఆ రోజుల చుట్టుపక్కల రాజమహేంద్రవరంలో గదుల సంగతి ముందే చూసుకున్నాకే తేదీ అనుకోండి.

వీలైతే ఇంట్లో ఒకరు ముందే రేవుకు వెళ్లి లాంచీ చూసి రావాలి. పక్కన రాసిన రిజిస్ట్రేషను నంబరు, ఎంతమందిని ఎక్కించుకోవచ్చో ఆ సంఖ్య ఫొటో తీసుకోండి. ప్రయాణం రోజున అంతకు మించి ఎక్కిస్తుంటే దిగిపోవచ్చు. లైఫ్ జాకెట్టు ఒకటి తీసి వేసుకుని చూడండి. ముందు బకిల్ టక్కుమని పడాలి, పట్టీ లాగితే బిగియాలి, భుజాల దగ్గర ఎవరైనా పైకి లాగితే గడ్డం దాటి రాకూడదు. పెద్దవాళ్ల జాకెట్టు పిల్లలకు వేస్తే నీళ్లలో తల మీంచి జారిపోతుంది. మీ పాతికమందిలో పదేళ్ల లోపువాళ్లు ఎంతమందో లెక్కపెట్టి, అన్ని పిల్లల జాకెట్లు ఉన్నాయని చూశాకే బయానా చేతిలో పెట్టండి.